ఫర్‌ఫ్లెక్సుని డోర్ సీల్ అనకండి

పేర్లు పెట్టడం మన వృత్తిలో సగం పని. ఫంక్షనుకి పేరు, టేబులుకి పేరు, సర్వరుకి పేరు. పుట్టిన పిల్లకి పేరు పెట్టడానికి కూడా అన్ని మీటింగులు జరిగి ఉండవు. అందుకే ఎక్కడన్నా అర్థం కాని పేరు కనపడితే మనకి చేతులు దురద పెడతాయి. ఎవడు పెట్టాడీ పేరు, తీసి పారేసి శుభ్రమైన పేరు పెడదాం అనిపిస్తుంది. నాకూ ఆ జబ్బు ఉండేది. ఆ దురదతో నేను చేసిన ఒక వెధవ పని గురించి, దాని పుణ్యమా అని మారిన నా అభిప్రాయం గురించి చెప్తాను. మధ్యలో కార్లు వస్తాయి. కార్లంటే ఇష్టం లేనివాళ్ళు కూడా కాస్త ఓపిక పట్టండి.

2007లో నేను ఆన్‌సైటులో ఇంగ్లండులో ఉన్నాను, మిడ్‌ల్యాండ్స్ వైపు. క్లయింటు పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లకి స్పేర్ పార్టులు అమ్మే ఒక వ్యాపార సంస్థ. పేరు అనవసరం. ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, టీఆర్ 6, ఆస్టిన్ హీలీ, జాగ్వార్ ఈ-టైప్, ఇలాంటివన్నమాట. ఇవన్నీ ఎప్పుడో ఆగిపోయిన కార్లు. ఎంజీ కార్లు తయారైన ఆబింగ్డన్ ఫ్యాక్టరీ 1980 అక్టోబరులో మూసేశారు. స్పిట్‌ఫైర్ కూడా అదే ఏడాది పోయింది. ఫ్యాక్టరీలు పోయాయి గానీ కార్లు పోలేదు. ఒక్క ఎంజీబీనే 1962 నుంచి 1980 దాకా 5 లక్షలు దాటి చేశారు, అందులో ఎక్కువ భాగం అమెరికాకి ఎగుమతి. ఇప్పటికీ వేలమంది వాటిని ఆదివారం పూట తుడుచుకుని, తోసుకుని, అప్పుడప్పుడు నడుపుకుంటున్నారు కూడా. 1988 నుంచి ఎంజీబీ బాడీని మొత్తం కొత్తగా, పాత అచ్చులతోనే వత్తి అమ్ముతున్నారంటే ఆ పిచ్చి ఏ స్థాయిలో ఉందో ఊహించుకోండి.

నా పని చాలా సింపుల్. అచ్చు కేటలాగుల్లో ఉన్న పార్టుల వివరాల్ని డేటాబేసులోకి ఎక్కించి, పైన ఒక సెర్చ్ పెట్టాలి. ఇంజను పార్టులతో ఏ పేచీ లేదు. పిస్టన్ అంటే పిస్టనే, గాస్కెట్ అంటే గాస్కెట్టే. గొడవంతా ట్రిమ్ దగ్గర వచ్చింది. ట్రిమ్ అంటే కారు నడవడానికి అక్కర్లేనివి, కారు కారులా కనపడటానికి కావల్సినవి. సీటు గుడ్డ, కార్పెట్టు, క్రోమియం పట్టీలు, తలుపు అంచులు, పైన వేసే గుడ్డ టాపు, దాని గుండీలు వగైరా.

ఆ సెక్షన్ తెరవగానే నాకు కనపడ్డ పేర్లు ఇవి: ఫర్‌ఫ్లెక్స్, హైడెమ్ బాండింగ్, లిఫ్ట్-ద-డాట్, టెనాక్స్, టానో కవర్, స్కటిల్, నేవ్ ప్లేట్, రిమ్‌బెలిషర్, ఎస్కచన్. హ్యారీ పాటర్ మంత్రాల్లా ఉన్నాయి కదూ :) స్కటిల్ అంటే ఏంటో నిఘంటువులో చూస్తే బొగ్గుల తొట్టి అని ఉంది. స్పోర్ట్స్ కారులో బొగ్గుల తొట్టి ఏంటి నా మొహం! (బానెట్‌కీ ముందు అద్దానికీ మధ్య ఉండే బాడీ భాగం అది. తలుపులు తీసి ఉన్నట్టే ఉండే ఈ ఓపెన్ కార్లు గతుకుల్లో పోతుంటే ఆ భాగం గజగజ వణుకుతుంది. దానికి స్కటిల్ షేక్ అని ఇంకో పేరు కూడా ఉంది. జబ్బుకి కూడా పేరు పెట్టారన్నమాట.)

మనం డిగ్రీలు చదువుకుని వచ్చాం కదా, డేటా క్లీనింగ్ మొదలెట్టాను. ఫర్‌ఫ్లెక్స్, డ్రాఫ్ట్ ఎక్స్‌క్లూడర్, డోర్ రబ్బరు అన్నీ కలిపి 'డోర్ సీల్' చేశాను. లిఫ్ట్-ద-డాట్, టెనాక్స్, ప్రెస్ స్టడ్ అన్నీ 'ఫాస్టెనర్'. హైడెమ్, పైపింగ్, బీడింగ్, ఫినిషర్ అన్నీ 'ట్రిమ్ స్ట్రిప్'. వందల కొద్దీ వింత పేర్లు పదుల్లోకి వచ్చేశాయి. మా మేనేజరుకి స్లయిడ్ వేసి చూపిస్తే ముచ్చటపడ్డాడు. అంత శుభ్రమైన డేటా నేను మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.

లైవ్‌కి వెళ్ళిన రెండు వారాల్లో వాపసులు మొదలయ్యాయి. ఒకటి అడిగితే ఇంకోటి వచ్చిందని. ఒక మధ్యాహ్నం కౌంటర్లో పనిచేసే పెద్దాయన నా టేబుల్ దగ్గరికొచ్చాడు. అరవై దాటి ఉంటాయి. కుర్రతనంలో ఒక కార్ల ఫ్యాక్టరీలో ట్రిమ్ షాపులో పని నేర్చుకుని, అక్కడ మూతపడ్డాక ఇక్కడికొచ్చాడు. నా కీబోర్డు పక్కన రెండు ముక్కలు పెట్టాడు. ఒకటి నల్ల రబ్బరు. రెండోది గొంగళిపురుగులా నూగునూగుగా ఉన్న గుడ్డ గొట్టం. "మేట్, వీటిలో డోర్ సీల్ ఏది?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

ఆ నూగు గొట్టమే ఫర్‌ఫ్లెక్స్. లోపల పట్టుకునే లోహపు క్లిప్పు, పైన వెల్వెట్టులాంటి గుడ్డ. తలుపు తీస్తే బాడీకి అంచులా కనపడే రేకు ఉంటుంది చూడండి, దాని మీదకి నొక్కేస్తే అతుక్కుపోతుంది. రెండు పనులు చేస్తుంది. చలిగాలి లోపలికి రాకుండా ఆపుతుంది, వెల్డింగ్ చేసిన రేకు అంచుని కనపడకుండా కప్పుతుంది. రబ్బరు సీలు చేసే పని వేరు, అది వాన నీళ్ళని ఆపుతుంది. కొన్ని కార్లలో ఒకే తలుపు చుట్టూ రెండూ పక్కపక్కనే ఉంటాయి. నేను రెండిటినీ ఒకే పేరు కింద తోసేసరికి, అడిగినవాడికి ఏది ముందు కనపడితే అది వెళ్ళింది. (గాలిని లోపలికి రానివ్వకుండా ఆపడానికి డబ్బులిచ్చి ఒక వస్తువు కొంటారని మే నెలలో విజయవాడలో ఉండే మనకి తట్టకపోవడం సహజమే అనుకోండి. ఐనా తప్పు తప్పే.)

సరే, ఆ రోజు మొదలు ఆయన దగ్గర నాకు ట్యూషన్. రోజూ అయిదు దాటాక కౌంటరు వెనకాల కూర్చుని ఒక్కో పార్టూ తీసి చూపించేవాడు. అప్పుడు అర్థమైంది, నేను చెరిపేసిన పేర్లు పేర్లు కావు, డాక్యుమెంటేషన్ అని.

హైడెమ్‌నే తీసుకోండి. నాకు వాటన్నిట్లోకీ ఇదంటే మహా ఇష్టం. పాతకాలం కార్లలో గుడ్డ టాపుని చెక్క చట్రానికి చిన్న చిన్న మేకులు కొట్టి బిగించేవాళ్ళు. మోర్గాన్ లాంటి కార్లలో బాడీ లోపలి చట్రం ఆష్ అనే చెట్టు కలపే. మేకులు వరసగా కనపడితే బావుండదు కాబట్టి పైన ఒక పట్టీ వెయ్యాలి. మరి ఆ పట్టీని బిగించడానికి మళ్ళీ మేకులు కొట్టాలి కదా, ఆ మేకుల్ని ఏం పెట్టి దాచాలి? ఇంకో పట్టీ. దానికి మళ్ళీ మేకులు. బేస్ కేస్ లేని రికర్షన్! దీనికి ఎవరో మహానుభావుడు కనిపెట్టిన పరిష్కారం హైడెమ్. ఆ పట్టీకి రెండు పెదాలుంటాయి, విచ్చుకున్న చిక్కుడుకాయలాగ. పెదాలు తెరిచి మధ్యలో మేకులు కొట్టి, మళ్ళీ మూసేసి పైనుంచి మెల్లగా సుత్తితో తట్టాలి. మేకులు మాయం. వాటిని దాచెయ్, హైడ్ దెమ్, హైడెమ్. సమస్యేంటి, పరిష్కారమేంటి, ఎలా వాడాలి, మొత్తం స్పెసిఫికేషన్ అయిదక్షరాల్లోకి వచ్చేసింది. నేను దాన్ని తీసేసి 'ట్రిమ్ స్ట్రిప్' అని పెట్టాను. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

లిఫ్ట్-ద-డాట్ ఇంకో రకం. ఇది అమెరికాలో పుట్టిన గుండీ, బ్రిటిష్ ఓపెన్ కార్లన్నిట్లోకీ పాకింది. టాపు గుడ్డని బాడీకి పట్టి ఉంచుతుంది. మూడు వైపులా లాక్ అయి ఉంటుంది, నాలుగో వైపు నుంచి మాత్రమే ఊడుతుంది. ఏ వైపో తెలియడానికి అక్కడ చిన్న చుక్క ఉబ్బి ఉంటుంది. ఆ చుక్క దగ్గర ఎత్తాలి. ఇంకెక్కడ పట్టుకు లాగినా గుండీ ఊడదు, గుడ్డ చిరుగుతుంది. అంటే ఏంటి? యూజర్ మాన్యువల్ పేరులోనే ఉంది. హెల్ప్ పేజీ రాయక్కర్లేదు.

టెనాక్స్ పైకి చూడ్డానికి చిన్న బొడిపెలా ఉంటుంది. తలకాయ పట్టుకుని పైకి లాగితే వదులుతుంది, పక్కకి ఎంత గుంజినా వదలదు. లాటిన్లో ఆ మాటకి గట్టిగా పట్టుకునేది అని అర్థం. ఇది దిగడానికి గుడ్డలో చేసే కన్నం వేరు, లిఫ్ట్-ద-డాట్‌కి చేసే కన్నాలు వేరు. ఖరీదైన టాపు కొనుక్కుని, నేను పంపిన 'ఫాస్టెనర్' చూసి కన్నాలు పొడిచేసుకున్న ఒకాయన రాసిన ఉత్తరం నేను చదివాను. కోడులో తప్పు దొర్లితే రోల్‌బ్యాక్ చేస్తాం. గుడ్డలో కన్నానికి రోల్‌బ్యాక్ లేదు.

ఇక్కడ మీలో కొందరు అనబోయేది నాకు తెలుసు. "ఇవన్నీ ఆ పాతకాపుల క్లబ్బు భాష. కొత్తవాడు లోపలికి రాకుండా కట్టుకున్న గోడ. మామూలు మాటలు వాడితే అందరికీ అర్థమవుతుంది కదా." న్యాయమైన ప్రశ్నే. అప్పుడు నేనూ ఇదే అన్నాను. ఐతే ఆ మామూలు మాట ఎంత మామూలుదో చూడండి.

హుడ్. ఇంతకంటే మామూలు మాట ఉందా? బ్రిటన్‌లో హుడ్ అంటే తల మీద గుడ్డ టాపు. అమెరికాలో హుడ్ అంటే ఇంజను మీద ఉండే రేకు మూత, మనం బానెట్ అనేది. మా కొనుగోలుదార్లలో చాలామంది అమెరికావాళ్ళు. ఎంజీబీకి ఒక హుడ్ కావాలి అని ఆర్డర్ వస్తే గుడ్డ పంపాలా, రేకు పంపాలా? రెండూ కారులో నిజంగా ఉన్న పార్టులే, రెండూ నప్పుతాయి, కాబట్టి ఏ వాలిడేషనూ పట్టుకోలేదు. అదే ఫర్‌ఫ్లెక్స్ అని ఎవడన్నా అడిగితే, అట్లాంటిక్‌కి అటైనా ఇటైనా అది ఒకటే వస్తువు. వింత పేరు మొదటిసారి వినప్పుడు ఒక్కసారి ఆపుతుంది. అదేంటండీ అని అడిగితే తేలిపోతుంది. మామూలు పేరు ఆపదు, తెలిసినట్టే ఉంటుంది, అడగాలనే అనిపించదు. ఆ తర్వాత ఎక్కడో ముంచుతుంది. మన కోడులో 'డేటా', 'మేనేజర్', 'ప్రాసెస్' అనే పేర్లున్న ఫైళ్ళు చేసే పని సరిగ్గా ఇదే.

కుడి ఎడమలు కూడా అంతే. పాత బ్రిటిష్ మెకానిక్కులు నియర్‌సైడ్, ఆఫ్‌సైడ్ అంటారు. గుర్రం ఎక్కేది ఎడమ వైపు నుంచి, కాబట్టి ఎడమ దగ్గరి వైపు, కుడి దూరపు వైపు. గుర్రం పోయి కారొచ్చినా వైపులు మారలేదు. నాకిది పరమ చాదస్తంగా తోచి 'డ్రైవర్ వైపు', 'ప్యాసింజర్ వైపు' అని మార్చాను. ఎంత తెలివి! ఎగుమతి కార్లలో స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుందని గుర్తే లేదు. ఒకే తలుపు పట్టీ లండన్‌లో డ్రైవర్ వైపు, లాస్ ఏంజిలిస్‌లో ప్యాసింజర్ వైపు ఐపోయింది.

ఇంతకీ ఈ పేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? పెద్దాయన చెప్పగా, తర్వాత నేను అక్కడా ఇక్కడా చదవగా తెలిసిందేంటంటే, ఈ మాటలు రెండు దుకాణాల నుంచి వచ్చాయి. ఒకటి దర్జీ దుకాణం. ట్రిమ్ అన్న మాటే బట్టల అంచులకి వాడే మాట. ఇక చూసుకోండి: బానెట్ అంటే ఆడవాళ్ళ టోపీ, హుడ్ అంటే ముసుగు, బూట్ సరే సరి, స్కర్టు, ఏప్రన్, కిటికీల కింద గీతకి వెయిస్ట్ అంటే నడుము, రెక్కకీ బాడీకీ మధ్య అతుకులో పైపింగ్, అచ్చం జాకెట్టు అంచులో కుట్టినట్టే. వెనక చక్రాన్ని సగం కప్పే రేకుకి స్పాట్స్ అని పేరు. మగవాళ్ళు బూట్ల మీద బురద పడకుండా తొడుక్కునే తొడుగులు ఉండేవే, అవి. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే 120కి ఈ స్పాట్స్ భలే ఉంటాయి. ఐతే పుల్లల చక్రాలు వేయించుకున్నవాళ్ళకి అవి దక్కవు, చక్రం మధ్యలో పొడుచుకొచ్చే నట్టు అడ్డం కదా.

రెండోది గుర్రబ్బళ్ళ దుకాణం. డ్యాష్‌బోర్డ్ అంటే గుర్రం డెక్కలు చిమ్మే బురద బండివాడి మీద పడకుండా అడ్డంగా పెట్టిన పలక. ఇప్పుడు మనవాళ్ళు చార్టులు, గ్రాఫులూ పెట్టి క్లయింటుకి చూపించే డ్యాష్‌బోర్డుకి మూలపురుషుడు అదే. బురద పడకుండా కాపాడటం దగ్గర పెద్దగా తేడా లేదనుకోండి. టానో అంటే ఫ్రెంచిలో పీపా. తొలినాళ్ళ కార్లలో వెనక సీటు భాగం సగం కోసిన పీపాలా గుండ్రంగా ఉండేది. పీపా పోయింది గానీ, ఖాళీ సీట్ల మీద కప్పే గుడ్డకి టానో కవర్ అనే పేరు మిగిలింది. దాని నడిమధ్య జిప్పు ఉంటుంది. ఒక్కడే నడుపుకుంటూ వెళ్ళేవాడు తన సగం మాత్రం తెరుచుకుని పక్క సీటు కప్పేసుకుంటాడు. పక్కన కూర్చునేవాళ్ళు లేని సంగతి ఊరంతటికీ తెలుస్తుంది పాపం.

నేవ్ ప్లేట్ దగ్గర మాత్రం నేను కుర్చీలోంచి లేచాను. చక్రం మధ్యలో మెరిసే మూత అది. నేవ్ అంటే చెక్క చక్రం మధ్యభాగం, ఆకులన్నీ వచ్చి గుచ్చుకునే చోటు. ఆ ఇంగ్లీషు మాటా మన సంస్కృతం నాభీ ఒకే మూలం నుంచి వచ్చినవి. సంస్కృతంలో కూడా నాభి అంటే బొడ్డే కాదు, చక్రం మధ్యభాగం కూడా. పెద్దాయనకి ఈ సంగతి చెప్తే, "ఐతే మీ ఊళ్ళో కూడా చక్రానికి బొడ్డుందన్నమాట" అని నవ్వాడు. ఆయనకి నేను తిరిగి నేర్పిన పాఠం అదొక్కటే.

మన దగ్గర సంగతి కూడా ఒక మాట. ఈ పేర్లు పరాయివి, మనకెందుకు అనుకోకండి. మీ నాన్నగారు సూట్‌కేస్ ఎక్కడ పెట్టారని అడిగితే డిక్కీలో అంటారు. కారు వెనక మూత తీస్తే బయటికి తెరుచుకునే అదనపు సీటుని బ్రిటన్‌లో డికీ సీట్ అనేవాళ్ళు. 1946 నుంచి 1949 దాకా చేసిన ట్రయంఫ్ రోడ్‌స్టర్‌కి అది ఉండేది. ఆ మూతలోనే వెనకవాళ్ళకి చిన్న గాలి అద్దం కూడా అమర్చారు. డికీ సీటుతో ఫ్యాక్టరీల్లోంచి వచ్చిన చివరి కారు అదేనంటారు. సీటు పోయింది, వాళ్ళు దాన్ని బూట్ అనుకుంటున్నారు, మనం మాత్రం అది డిక్కీయే అని పట్టు వదల్లేదు. స్టెప్నీ కూడా అంతే. వేల్స్‌లో లనెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ వీధిలో 1904 ప్రాంతంలో అదనపు చక్రం తయారుచేసిన కంపెనీ పేరది. ఈ రోజు ఒక ఇంగ్లీషు కుర్రాణ్ణి స్టెప్నీ ఉందా అని అడిగితే లండన్‌లో ఆ పేరుగల పేటకి దారి చూపిస్తాడు. రెక్సిన్ ఐతే మాంచెస్టర్ దగ్గర హైడ్‌లో తయారైన నకిలీ తోలుకి బ్రాండ్ పేరు. పాత ఎంజీల సీట్ల పక్కల్లో, తలుపుల లోపలా అదే. మన దగ్గర ఆటో సీటు, ఆఫీసు బ్యాగు, పెళ్ళికి ఇచ్చే ఫైలు కవరు అన్నీ రెగ్జినే, ఆ కంపెనీ సరుకు ఏనాడూ చూడకపోయినా.

మనవాళ్ళకి స్పిట్‌ఫైర్ చుట్టరికం కూడా ఉంది. 1961 నుంచి ఓ పదేళ్ళు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మీ ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. అది ట్రయంఫ్ హెరాల్డే. ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి దాని మీద స్పిట్‌ఫైర్ కట్టారు. కాబట్టి ఊళ్ళో డాక్టరుగారి హెరాల్డు రిపేరు చేసిన మెకానిక్కు, తనకి తెలీకుండానే స్పోర్ట్స్ కారు బంధువుల ఇంటికి వెళ్ళొచ్చినట్టే.

అలాగని ప్రతి పాత పేరునీ నెత్తిన పెట్టుకోమనడం లేదు నేను. రిమ్‌బెలిషర్ ఉంది. చక్రం రిమ్ము మీద వేసే క్రోమియం రింగు. రిమ్ అనే మాటకి అలంకరించేది అనే అర్థమున్న మాటని అతికించి మార్కెటింగువాళ్ళు కుట్టిన పేరు. అది పోయినా నాకేం బాధలేదు. పేనెల్ని ఫేసియా అనాలా, మధ్యలో 'ఎస్' పెట్టి రాయాలా అన్నదాని మీద పెద్దాయన పది నిమిషాలు తీసుకున్నాడు. అప్పుడు నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. బ్రాండ్ పేర్లకి ఇంకో రోగం కూడా ఉంది. కంపెనీ మూతపడ్డాక ఎవడు పడితే వాడు నాసిరకం సరుకు చేసి అదే పేరు తగిలిస్తాడు. పేరు ఉంటుంది, హామీ ఉండదు. కొత్తవాడు కేటలాగు తెరిచి బెదిరిపోవడం కూడా నిజం. ఇరవైయేళ్ళ కుర్రాడు తాతగారి కారు బాగు చేసుకుందామని వస్తే, "నీకు కావల్సినదాని పేరు చెప్పు" అని నిలదీయడం ఏం మర్యాద?

కానీ దానికి మందు పేరు చెరిపెయ్యడం కాదు. పక్కన ఇంకో పేరు రాయడం. చివరికి మేం చేసింది అదే. అసలు పేరు అసలు పేరుగానే ఉంచి, కింద మారుపేర్ల టేబుల్ ఒకటి పెట్టాం. తలుపు చుట్టూ నూగు గుడ్డ అని కొట్టినా ఫర్‌ఫ్లెక్స్ వస్తుంది, డోర్ సీల్ అని కొట్టినా రెండూ పక్కపక్కన బొమ్మలతో వస్తాయి, నీకేది కావాలో చూసుకోమని. హుడ్ అని కొడితే ముందు 'గుడ్డా, రేకా?' అని అడుగుతుంది. ప్రతి పేరు పక్కనా పెద్దాయన చెప్పిన ఒకట్రెండు వాక్యాలు. ఏ వైపు నుంచి ఎత్తాలి, ఏ పక్క పెదవి ముందు మూయాలి, ఇలాంటివి. ఆ వాక్యాలు ఏ కేటలాగులోనూ లేవు, ఆయన చేతుల్లో ఉన్నాయి. డేటాబేసు డిజైనుకి నాకు రెండు రోజులు పట్టింది. ఆ వాక్యాలకి ఏడు వారాలు. టైంషీట్లో ఏం రాయాలో తెలీక 'డేటా వాలిడేషన్' అని రాశాను.

నా బాధ ఎక్కడంటే, అందరికీ ఏడు వారాలు దొరకవు. నా మొదటి వెర్షనే నిలబడి, పాత కేటలాగులు చిత్తుకాగితాల్లోకి పోయి, పెద్దాయన రిటైరైపోయి ఉంటే? ఆ డోర్ సీల్‌లో రెండు వస్తువులున్నాయని ఎవరికి గుర్తుంటుంది? ఫర్‌ఫ్లెక్స్ అడిగేవాడు లేకపోతే తయారుచేసేవాడు మానేస్తాడు. పేరు పోయిన రెండేళ్ళకి వస్తువు పోతుంది. మనం మైగ్రేషన్ ప్రాజెక్టుల్లో ఇలా ఎన్నిటిని చంపి ఉంటామో లెక్కలేదు. బ్యాంకు గుమాస్తాలు ముప్పయ్యేళ్ళుగా వాడుతున్న కోడు పేరుని డ్రాప్‌డౌన్‌లోంచి తీసేసి 'అదర్స్' అని పెట్టిన పాపం నా ఖాతాలో ఇంకోటి కూడా ఉంది, అది ఇంకోసారి.

అన్నట్టు, ఆ జాబితాలో ఒక పేరు మాత్రం పెద్దాయనకీ తెలీలేదు. పార్ట్ నంబరు ఉంది, ధర ఉంది, వెనక గోడౌన్లో అట్టపెట్టెలో పద్నాలుగు ముక్కలున్నాయి. వంకర తిరిగిన క్రోమియం ముక్క, ఒక చివర చిన్న కన్నం. ఏ కారుకో, ఎక్కడ పెడతారో ఇద్దరం ఎంత తిప్పి చూసినా తేలలేదు. నా పాత అలవాటు ప్రకారం 'మిసిలేనియస్'లో పడేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు, పేరు ఎలా ఉందో అలాగే ఉంచమన్నాడు. (ఆ పేరు ఇక్కడ రాస్తే మీరంతా గూగుల్ చేస్తారు, అందుకే రాయట్లేదు :)) నేను ఇండియా తిరిగొచ్చే ముందు వారంలో న్యూజిలాండ్ నుంచి ఒక ఆర్డరొచ్చింది. సరిగ్గా అదే పేరు, అక్షరం పొల్లు పోకుండా. రెండు కావాలట, ఒకటి నియర్‌సైడుకి, ఒకటి ఆఫ్‌సైడుకి. పంపించాం. వాపసు రాలేదు.